ఇంటర్‌లో జాగ్రఫీ అడిగితే లేదంటే ఎట్లా?

సంపాదకులకు నమస్కారం.

మా పాప ఈ ఏడాది పదో తరగతి పాసైంది. ఇంటర్‌లో జాగ్రఫీ చదువుతానంది. దగ్గర్లోని కాలేజీకి ఇద్దరం పోయి అడిగాం. "మా దగ్గర లేదండీ, చెప్పేటోళ్లు లేరు. సీఈసీలో వేయండి, లేదంటే బైపీసీ బెస్ట్" అన్నారు. ఇంకో రెండు కాలేజీల్లోనూ ఇదే మాట. ఇంటర్ బోర్డు సబ్జెక్టుల్లో జాగ్రఫీ ఉంది, ఏటా పరీక్షా పెడతారు. చెప్పే కాలేజీయే దొరకడం లేదు. ఆటోలో ఇల్లు చేరేదాకా పిల్ల నోరు విప్పలేదు.

మాది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి మా అమ్మ మోకాళ్లు వంగిపోయాయి, గోడ పట్టుకునే నడుస్తుంది. నా పళ్లకు గార. పాప తొమ్మిదిలో ఉన్నప్పుడు ఒకరోజు అడిగింది: "నాయినా, కృష్ణ మన జిల్లా పక్క నుంచే పోతది గదా, మీరు బోరు నీళ్లెందుకు తాగిన్రు?" నాకు జవాబు తెలియలేదు. వాళ్ల సోషల్ సార్ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారట. నది లోయలో ఉంది, మన ఊళ్లు పైన ఉన్నాయి, ఎత్తిపోస్తే తప్ప నీళ్లు రావు. ఇక్కడ వాన తక్కువ, ఎండ ఎక్కువ. భూమి కింద గ్రానైటు. ఆ రాయిలోని ఫ్లోరైడ్ కరిగి నీళ్లలో కలుస్తుంది. లోతుకు పోయిన కొద్దీ నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచి ఉంటాయి కాబట్టి బావుల కంటే బోర్లతో ముప్పు ఎక్కువ.

ఆ వారమంతా పిల్ల నోట్‌బుక్ పట్టుకుని ఊరంతా తిరిగింది. చెరువు, అలుగు, కుంట, ఎండిన వాగు గీసింది. పాత మోట బావులకు నీలం పెన్ను, బోర్లకు ఎర్ర పెన్ను. ఒక్కో ఇంటికి పోయి బోరు ఎన్ని ఫీట్లో అడిగి పక్కన రాసుకుంది. కాగితం నిండా ఎరుపే. అది ఇప్పటికీ మా గోడకు ఉంది. ఇట్లా చదవాలనుకున్న పిల్లకు ఆ సబ్జెక్టు లేదని చెప్పడం నాకు చాలా బాధగా ఉంది.

నీళ్లలో ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 'నల్లగొండ టెక్నిక్' అని మన జిల్లా పేరే పెట్టింది. ఎగువన ఎత్తులో ఉన్న శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణ నీళ్లను మోటార్లు లేకుండా ఇటు తేవాలని దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం తలపెట్టారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర పని నడుస్తుండగా దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఆ కొండ లోపల ఏముందో మన పిల్లల్లో కొందరైనా చదవొద్దా? పాలమూరు నుంచి జనం వలస పోయింది కూడా వాన, నేల, నీళ్ల మూలంగానే కదా.

ఉద్యోగాలు రావంటారు. ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే ఎన్ఆర్ఎస్‌సీ హైదరాబాద్‌లోనే ఉంది. సర్వే శిక్షణ సంస్థ ఉప్పల్‌లో ఉంది. ఉస్మానియాలో జాగ్రఫీ శాఖ ఉంది. గ్రూప్స్‌కు తయారయ్యే పిల్లలు ఈ జాగ్రఫీనే కోచింగ్ సెంటర్లలో ఫీజు కట్టి మొదటి నుంచి నేర్చుకుంటున్నారు. ఆ మాటకొస్తే పదిలో కూడా మ్యాప్ పాయింటింగ్ అంటే మార్కుల కోసం బట్టీ పట్టే చుక్కలే అయిపోయాయి. మా పాపకు దొరికినట్టు బొమ్మ గీసి చెప్పే సారు అందరికీ దొరకరు.

ఇంటర్ విద్యాశాఖకు నా విన్నపం ఒక్కటే. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట పట్టణాల్లో కనీసం ఒక్కో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జాగ్రఫీ పెట్టండి. పోస్టులు వెంటనే భర్తీ చేయలేకపోతే ఈ ఏడాదికి గెస్ట్ లెక్చరర్‌నైనా తీసుకోండి. పదిమంది పిల్లలే చేరినా క్లాసు నడపండి. జాగ్రఫీ ఉందని ఊళ్లో తెలిస్తే వచ్చే ఏడు ఇంకొందరు చేరతారు.

అడ్మిషన్లు ఇంకా నడుస్తున్నాయి. మా పాప టీసీ, మెమో ఇంట్లోనే ఉన్నాయి. ఇంకా ఎక్కడా ఇవ్వలేదు.

— ఒక విద్యార్థిని తండ్రి, మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా