బండ్లు తీయించే ముందు మెస్ టైము మార్చండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. కాలేజీ గేట్ల ముందున్న టిఫిన్ బండ్లు, నూడుల్స్ బండ్లు తీయించేస్తే తప్ప పిల్లల ఆరోగ్యాలు బాగుపడవని ఈమధ్య మీ జిల్లా పేజీలో ఒక తండ్రి గారు ఉత్తరం రాశారు. ఆయన బాధ నాకు అర్థమైంది. సెలవులకి ఇంటికొచ్చిన కొడుకు పప్పన్నం పెడితే ముఖం తిప్పుకున్నాడంటే ఏ తండ్రికైనా ఒళ్ళు మండుతుంది. కాకపోతే ఆయన తీయించమన్న బండ్లలో ఒకటి నాది. విజయనగరం ఊరి బయట ఒక క్యాంపస్ గేటు ఎదురుగా ఎనిమిదేళ్ళుగా పెడుతున్నాను. అంతకు ముందు మూడేళ్ళు వేరే చోట ఒక హాస్టల్ మెస్‌లో కూరగాయలు తరిగే పనిలో ఉన్నాను. గేటుకి లోపలా బయటా రెండు వైపులా చూసినదాన్ని, అందుకే ఈ ఉత్తరం. నేను చెబుతుంటే మా అమ్మాయి ఫోన్‌లో టైపు చేస్తోంది. తను నర్సింగ్ చదువుతోంది. కాబట్టి ఇందులో ఒంటి గురించిన లెక్కలు తనవి, వంటింటి లెక్కలు నావి.

ముందు నా తప్పు నేను చెప్పుకుంటాను. నా బండి మీద ఇడ్లీ, పెసరట్టు, చోడి (రాగి) అంబలి, ఉడికించిన గుడ్లు ఉంటాయి. పూరీ, మైసూర్ బోండా కూడా ఉంటాయి. అవి మానేస్తే ఇంటి అద్దె రాదు. మొదట్లో నిన్నటి నూనెలోనే ఇవాళ కాస్త కొత్తది పోసి కాచేదాన్ని, నల్లబడినా పారబోయబుద్ధి అయ్యేది కాదు. ఒకసారి ఆహార భద్రత వాళ్ళు బండ్లవాళ్ళందర్నీ కూర్చోబెట్టి చెప్పారు. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెలో, నూనె చెడేకొద్దీ పుట్టే పోలార్ పదార్థాలు పెరుగుతాయట, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉందట. అది కొలిచే మిషన్ నా దగ్గరెక్కడిది? మూకుడే చిన్నది చేసేశాను. ఆ పూటకి సరిపడా పోస్తాను, మిగిలింది మర్నాడు మళ్ళీ మూకుట్లోకి రాదు. నూనె ఖర్చు పెరిగింది, బోండా సైజు కాస్త తగ్గింది. పిల్లలు కనిపెట్టేశారు లెండి.

ఇక అసలు సంగతి. రోజూ ఉదయం 9 గంటల 10 నిమిషాలకి నా బండి దగ్గర ఏం జరుగుతుందో ఆ తండ్రి గారు ఒక్కసారి చూడాలి. మొదటి క్లాసు 9 గంటలకి మొదలైపోయి ఉంటుంది. అప్పుడు గేటు దాటి పరుగున వస్తారు ఆడపిల్లలు, తడి జుట్టు, భుజాన బ్యాగు. "ఆంటీ, టీ, బన్ను, తొందరగా." ఎక్కువమంది అడిగేది అదే. ఇడ్లీ పెట్టనా అంటే కూర్చునే టైము లేదంటారు. ఏటమ్మా, మెస్‌లో తిన్లేదా అని ఎన్నిసార్లు అడిగానో. మెస్ మూసేశారంటారు.

మెస్‌లో టిఫిన్ 7.15 నుంచి 8.15 వరకు. వీళ్ళ హాస్టల్లో ఒక్కో అంతస్తుకి ఆరు బాత్రూములు, నలభై మందికి పైగా పిల్లలు. నీళ్ళు సన్నగా వచ్చే రోజైతే బకెట్టు నిండడానికే పావుగంట. వరసలో వెనక ఉన్న పిల్ల స్నానం చేసి కిందికి దిగేసరికి 8.20 అవుతుంది, గిన్నెలు ఎత్తేసి ఉంటారు. రాత్రి భోజనం 7.30కి తిన్న పిల్ల, పొద్దున్న టిఫిన్ తప్పిపోతే, మళ్ళీ అన్నం ముఖం చూసేది మధ్యాహ్నం 12.45కి. అంటే 17 గంటల 15 నిమిషాలు. మధ్యలో ఒక టీ, ఒక బన్ను. ఉపవాసం ఉండేవాళ్ళు కూడా ఇంతకన్నా నయంగా తింటారు, పండో పాలో తీసుకుంటారు.

వంటవాళ్ళని తిట్టాలని నేనిది చెప్పడం లేదు. గిన్నెలు ఎందుకెత్తేస్తారో ఆ పని చేసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. టిఫిన్ వడ్డించే చేతులే మధ్యాహ్నం కూరలు తరగాలి. 8.30కల్లా పొయ్యిలు ఖాళీ అవ్వకపోతే 600 మందికి అన్నం 12.30కి దిగదు. రాత్రి భోజనం తొందరగా ముగించేది కూడా అంతే. 9 గంటలకి ఆఖరి ఆటో, అది పోతే ఆ ఆడవాళ్ళు ఇళ్ళకి నడవాలి.

మెస్‌లో ఆకుకూర ఎందుకు కనిపించదు, ఎప్పుడు చూసినా బంగాళాదుంప, క్యాబేజీ ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. అందులోనూ మర్మమేమీ లేదు. 600 మందికి తలా 100 గ్రాముల చొప్పున తోటకూర వండాలంటే 60 కిలోలు కావాలి. కట్టలు విప్పాలి, పుచ్చు ఆకు ఏరాలి, ముదురు కాడలు తుంచాలి, ఇసుక పోయేదాకా మూడు నీళ్ళలో కడగాలి, ఆ తర్వాత తరగాలి. మేము నలుగురం తెల్లవారుజామున కూర్చుంటే మధ్యాహ్నానికి అందేది కాదు. అంత చేసినా ఉడికాక గంగాళం అడుగున అంత ముద్ద. బంగాళాదుంపకైతే తొక్క తీసే మిషన్ ఉంది, క్యాబేజీని నాలుగు వేట్లు వేస్తే చాలు. తక్కువకి పాడిన కాంట్రాక్టరు మరో ఇద్దరు మనుషుల్ని పెట్టడు. మెనూ బోర్డు మీద మాత్రం "ఆకుకూర పప్పు" అని రాసే ఉంటుంది. బోర్డు మీద రాయడానికి కూలి ఇవ్వక్కర్లేదు కదా.

పోయిన ఏడాది క్యాంపస్‌లో రక్తదాన శిబిరం పెట్టారు. ఏజెన్సీ వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయి (అందరికీ ఆంటీనైన నన్ను ఈ పిల్ల ఒక్కతే పిన్నీ అంటుంది) ఉత్సాహంగా వెళ్ళింది. అరగంటకి తిరిగొచ్చి బల్ల మీద కూర్చుంది. "నా దగ్గర తీసుకోలేదు పిన్నీ, 9.4 ఉందంట" అంది. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు ఉండాలట. ఆడవాళ్ళకి 12 కన్నా తగ్గితేనే రక్తహీనత అంటారని మా అమ్మాయి చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలిందట. ఆ లెక్క విన్నప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. ఈ పిల్ల వేళ్ళు పట్టుకుని గోళ్ళు చూసినప్పుడు అనిపించింది. తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆ రోజు కూడా ఆ పిల్ల తిన్నది నేనిచ్చిన టీ, బన్నే.

టీ తిండితో పాటు తాగితే తిన్నదాంట్లో ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదని, నిమ్మరసం లాంటి పులుపు ఉంటే బాగా పడుతుందని అప్పుడే మా అమ్మాయి చెప్పింది. టీ అమ్మేదాన్నే నేను, ఏం చెయ్యను? టీ మానమని చెప్పలేదు. శనగ గుగ్గిళ్ళు పెట్టడం మొదలుపెట్టాను, పైన ఉల్లిపాయ ముక్కలు, అర చెక్క నిమ్మరసం. టీ కావాలంటే గంట ఆగి తాగమంటాను. కొందరు వింటారు. ఆ పిల్లకి పాఠం అక్కర్లేదు, ఒక గుడ్డు, గుగ్గిళ్ళ పొట్లం చేతిలో పెట్టేస్తాను, నడుస్తూ తింటుంది.

చోడి అంబలి గురించి రాయకపోతే నా బండికి అన్యాయం చేసినట్టే. రాత్రి చోడి పిండి నీళ్ళలో కలిపి మూతేసి పెడతాను, తెల్లారేసరికి పుల్లటి వాసన వస్తుంది. పొద్దున్న నూకలు ఉడికించి అందులో ఆ పిండి పోసి, అడుగంటకుండా తెడ్డుతో తిప్పుతూ ఉండాలి. చిక్కబడ్డాక దించి, చల్లారాక మజ్జిగ, ఉప్పు. మా నాన్న అది తాగే పొలానికి వెళ్ళేవాడు, మధ్యాహ్నం దాకా మరేమీ అడిగేవాడు కాదు. మొదట్లో బోర్డు మీద "చోడి అంబలి" అని రాస్తే రోజుకి పది గ్లాసులు కదిలేవి కాదు, ముసలోళ్ళ తిండి అని నవ్వేవారు. 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నారు కదా, అప్పుడు మా అమ్మాయి బోర్డు మార్చి "రాగి మాల్ట్, ఫుల్ ప్రోటీన్" అని రాసింది. నలభై గ్లాసులు పోయాయి! చోళ్ళలో గొప్ప ప్రోటీన్ ఏమీ ఉండదని తర్వాత తనే ఒప్పుకుని ఆ ముక్క చెరిపేసింది. కాల్షియం మాత్రం 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములకు పైనే ఉంటుందట, బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదట. పేరు మార్చినా గ్లాసులో ఉన్నది మా నాన్న తాగిన అంబలే.

ఇక రాత్రి సంగతి. ఆ తండ్రి గారు నూడుల్స్ బండి మీద రాసినదంతా ఎక్కువగా రాత్రి వ్యవహారం. 7.30కి తిన్న మగపిల్లలకి 10.30కి మళ్ళీ ఆకలేస్తుంది, ఆ వయసు అలాంటిది. అప్పుడు తెరిచి ఉండేది నా పక్క బండి, లేకపోతే ఫోన్‌లో ఆర్డరు పెడితే గోడ మీదుగా అందే బిర్యానీ. ఎగ్ నూడుల్స్ 70 రూపాయలు. పెద్ద మంట మీద రెండు నిమిషాల్లో అయిపోతుంది, సాసులతో ఉప్పు ఎంత పడుతోందో వేసేవాడికే తెలియదు. రోజుకి మొత్తం మీద ఉప్పు 5 గ్రాములు దాటకూడదంటారు, అంటే ఒక టీ చెంచా. ఆడపిల్లల హాస్టల్ గేటు 6.30కే వేసేస్తారు కాబట్టి వాళ్ళకి ఆ నూడుల్స్ కూడా లేవు. గదుల్లో కరెంటు కెటిల్‌లో ప్యాకెట్లు ఉడకబెట్టుకుంటారు, వార్డెన్ వస్తే మంచం కింద దాస్తారు. నిజానికి వాళ్ళకి బండ్ల వల్ల జరిగిన నష్టం ఏమిటో ఆ తండ్రి గారే చెప్పాలి.

క్యాంపస్‌లలో జంక్ ఫుడ్ అమ్మొద్దని యూజీసీ (విశ్వవిద్యాలయాల మీద ఉండే కేంద్ర సంస్థ) 2016లోనే విశ్వవిద్యాలయాలకు చెప్పింది, 2018లో మళ్ళీ గుర్తు చేసింది. మంచిదే. కానీ వద్దన్నది తీసేసిన చోట ఏదో ఒకటి పెట్టాలి కదా. ప్రభుత్వ బడిలో చదివేటప్పుడు ఇదే పిల్లలకి మధ్యాహ్నం భోజనం, గుడ్డు, చిక్కీ ఉండేవి. 2023లో రాగి జావ కూడా కలిపారు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఇంటర్ పాసై క్యాంపస్‌లో అడుగుపెట్టగానే వాళ్ళు హఠాత్తుగా పెద్దవాళ్ళయిపోయినట్టు, నీ తిండి నువ్వు చూసుకో అన్నట్టుంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, చేతిలో 20 రూపాయలు, క్లాసుకి పది నిమిషాలు లేటు. ఏం చూసుకుంటుంది?

నాకు తోచింది చెబుతాను, పెద్దవాళ్ళు దిద్దుకోవచ్చు. 8.15 తర్వాత పొయ్యితో పని లేని తిండి ఉంచాలి. ముందే ఉడికించిన గుడ్డు, ఒక అరటిపండు, డ్రమ్ములో అంబలి. ఇవి మెస్‌లో కూడా కాదు, క్లాసులు జరిగే బిల్డింగ్ కింద ఒక బల్ల మీద 9.30 దాకా ఉంటే చాలు. వంటవాళ్ళ పనికి అడ్డం రాదు. రాత్రికి కూడా అంతే. శనగలో బొబ్బర్లో పొద్దున్నే నానబెట్టి, సాయంత్రం పొయ్యి మీదే గుగ్గిళ్ళు చేసి, మజ్జిగ క్యానుతో పాటు ఆడపిల్లల హాస్టల్ కామన్ రూములో పెట్టేసి వెళ్తే, పిల్లల్లోనే వంతులవారీగా ఎవరో ఒకరు 10 గంటలకి పంచుకుంటారు. నేను కొనే ధరకి మనిషికి గుడ్డు 7 రూపాయలు, పండు 5, గుగ్గిళ్ళకి శనగలు 3. నెలకోసారి తోటకూర వండే రోజున ఆకు ఏరడానికి పక్క ఊళ్ళ ఆడవాళ్ళని రోజు కూలికి పిలిచినా మెస్ బిల్లు మునిగిపోదు.

బండ్ల సంగతికొస్తే, 100 రూపాయలు కట్టి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ తీసుకున్నాను, ఆ కాగితం బండికి అంటించి ఉంది. మాకు కావలసింది ఒక కుళాయి. ప్లేట్లు కడిగే నీళ్ళు దూరం నుంచి మోసుకొస్తున్నాం, పొదుపుగా వాడతాం, అక్కడే శుభ్రం దెబ్బతింటోంది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. మెస్ టెండరు నాకు వద్దు, నా వల్ల కాదు. ఆ 9.10 రద్దీ పోతే నాకు రోజుకి రెండు మూడొందలు తగ్గుతాయి. తగ్గనివ్వండి, సాయంత్రం పెసరట్టు మీద చూసుకుంటాను.

ఆ తండ్రి గారు వీలు చూసుకుని ఒకసారి రావాలని నా కోరిక. వస్తే ఉదయం 9కి ముందే రండి, తర్వాత మాట్లాడే తీరిక ఉండదు. ఆదివారం బండి పెట్టను.

ఇట్లు,
ఒక టిఫిన్ బండి ఆవిడ,
విజయనగరం
(పేరు వేయొద్దని మనవి)