వేట తీగల జాడ సబ్‌స్టేషన్‌లో దొరుకుతుంది

సంపాదకులకు నమస్కారం.

అడవి అంచు మండలాల్లో కరెంటు తీగలతో సాగుతున్న వేటను పంట రక్షణ కింద జమకట్టడం వల్ల అసలు వేటగాళ్లు తప్పించుకుంటున్నారు. పందుల బాధ పడలేని రైతు తన చేను చుట్టూ కంచె కట్టుకుంటాడు. రిజర్వు అడవి లోపల, జంతువులు నీటికి దిగే బాట వెంట మూరెడు కర్రలు పాతి, వాటి మీదుగా బైండింగు వైరు లాగి, దాని కొసను 11 కేవీ లైనుకు కొక్కెంతో తగిలించేవాడికి కాపాడుకోవలసిన చేను అక్కడ లేదు. వాడికి కావలసింది మాంసం.

2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో విధుల్లో ఉన్న గ్రేహౌండ్స్ కమాండో ఒకరు ఇలాంటి తీగకే బలయ్యారు. 2025 మే నెలలో ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట అడవుల్లో ఒక ఆడపులి కూడా ఇలాగే చనిపోయింది. నిజానికి పంటను నాశనం చేసే పందిని చంపడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షను కింద రాతపూర్వక అనుమతి పొందే దారి ఉంది. ఆ అనుమతీ పంట నష్ట పరిహారమూ సకాలంలో అందితే, రైతును అడ్డుపెట్టుకొని సాకులు చెప్పేవారికి ఆ అవకాశం ఉండదు.

అయితే ఈ లేఖ రాయడానికి కారణం వేరే ఉంది. జంతువు తీగకు తగిలినప్పుడు కరెంటు భూమిలోకి పారి, చాలాసార్లు ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైను, ట్రిప్ అవుతుంది; సరఫరా దానంతటదే ఆగిపోతుంది. సబ్‌స్టేషన్ ఆపరేటరు ఆ సమయాన్ని లాగ్‌బుక్కులో రాసి, లైను మళ్లీ ఛార్జి చేస్తాడు; అంతటితో ఆ సంగతి ముగిసిపోతుంది. గాలివానకూ, కొమ్మ తగిలినా లైను ట్రిప్ అవుతుందన్నది నిజమే గానీ, ఆకు కదలని శీతాకాలపు రాత్రి, అడవి గుండా వెళ్లే ఒకే ఫీడరు పదే పదే ట్రిప్ అవుతుంటే అనుమానించవద్దా? ఆ కబురు వెంటనే రేంజి అధికారికి ఫోనులో చేరేలా విద్యుత్ పంపిణీ సంస్థ, అటవీశాఖ కలిసి ఉత్తర్వు ఇవ్వాలి. అడవి మొత్తం గాలించే కంటే ఒక లైను వెంట నడవడం బీట్ సిబ్బందికి ఎంతో తేలిక. సరఫరా ఆపించకుండా మాత్రం ఎవరినీ ఆ చీకట్లోకి పంపకూడదు. లైన్‌మన్‌ను ఒంటరిగా అసలే పంపకూడదు.

— ఒక పాఠకుడు, కాగజ్‌నగర్