నీకు నచ్చిన నెంబరు

ఫ్రాంక్‌ఫర్ట్,
2025 జూన్ 18

అక్కా,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాలి నొప్పి గురించి మొన్న ఫోన్‌లో అడిగితే "ఆ, ఉందిలే" అని తేల్చేసింది. అసలు సంగతేంటో నువ్వు చెప్పు. నేను బాగానే ఉన్నాను. ఇక్కడ ఎండలు మొదలయ్యాయి. రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుతురు పోవడం లేదు.

ఈ ఉత్తరం ఒక ఆట గురించి. ఫోన్‌లో చెబుదామని రెండుసార్లు అనుకున్నాను. పిల్లలు మధ్యలో ఫోన్ లాక్కుంటారు, మాట ఎటో పోతుంది. ఇది అలా పోకూడదని కూర్చుని రాస్తున్నాను.

మా ఆఫీసులో బెల్‌ఫాస్ట్ ఆయన ఒకరు ఉన్నారని చెప్పాను కదా. ఆయనా నేనూ రెండేళ్లుగా గురువారం సాయంత్రాలు జోడీగా డార్ట్స్ ఆడుతున్నాం. గోడకి గుండ్రటి బోర్డు, 2.37 మీటర్ల దూరంలో నేల మీద ఒక గీత, చేతిలో మూడు చిన్న బాణాలు. అంతే సరంజామా. మొన్న శనివారం ఆయనే టికెట్లు తీసి నన్ను డార్ట్స్ ప్రపంచ కప్‌కి తీసుకెళ్లారు.

ఈ కప్పు 2010లో ఇంగ్లండ్‌లో మొదలైంది. తర్వాత ఎక్కువ సార్లు జర్మనీలోనే జరిగింది. ఈసారి జూన్ 12 నుంచి 15 వరకు మా ఊళ్లో, ఐస్‌స్పోర్ట్‌హాలె అనే హాల్లో. చలికాలంలో అక్కడ ఐస్ హాకీ ఆడతారు. నలభై దేశాలు, ఒక్కో దేశం నుంచి ఇద్దరు. మన ఇండియా జట్టు కూడా వచ్చింది, కానీ గ్రూపు దశ దాటలేదు. నేను వెళ్లేసరికి మనవాళ్ల ఆట అయిపోయింది. ఆ రెండు రోజులూ సెలవు దొరకనందుకు నిజంగా బాధపడ్డాను.

ఆట ఎలాగో చెబుతాను, లేకపోతే మిగతాది నీకు అర్థం కాదు. ఇద్దరూ కలిపి 501 పాయింట్లతో మొదలుపెట్టి, కొట్టింది తీసేస్తూ సరిగ్గా సున్నాకి తేవాలి. ఆఖరి బాణం మాత్రం బోర్డు అంచున ఉండే సన్నటి డబుల్ గడిలో (అక్కడ పడితే ఆ అంకెకి రెట్టింపు పాయింట్లు) గానీ, సరిగ్గా నడిమధ్య చుక్కలో గానీ పడాలి. ముందు ఒకరు మూడు బాణాలు వేస్తారు, తర్వాత అవతలి జట్టు, ఆ తర్వాత మన జోడీలో రెండోవాళ్లు. ఒకప్పుడు ఈ కప్పులో సింగిల్స్ కూడా ఉండేవి. 2023 నుంచి మొదటి మ్యాచ్ నుంచి ఫైనల్ దాకా అన్నీ డబుల్సే.

దీనివల్ల ఏం జరుగుతుందో చూడు. నువ్వు ఎప్పుడూ నీ లెక్క మీద నిలబడవు. నీ జోడీ మిగిల్చిన లెక్క మీద నిలబడతావు. 51 మిగిలింది, చేతిలో ఒక్క బాణమే ఉంది అనుకో. 19 కొడితే 32 మిగులుతుంది, 11 కొడితే 40 మిగులుతుంది. నాకైతే 32 ఇష్టం, ఎందుకంటే డబుల్ 16 తప్పి బాణం లోపలికి జారినా 16 మిగులుతుంది, అదీ తప్పితే 8, ఆ తర్వాత 4, 2. ఎంత జారినా చివరిదాకా సగమే అవుతుంది, మళ్లీ డబుల్‌కే కొట్టొచ్చు. 40 అలా కాదు. 20, 10 అయ్యాక 5 దగ్గర ఇరుక్కుంటాం. కానీ మా బెల్‌ఫాస్ట్ ఆయన చెయ్యి డబుల్ 20కి అలవాటు పడిపోయింది. ఆయన వంతు రాబోతుంటే నేను 11 వైపు చూడాలి. నా వంతు రాబోతుంటే ఆయన 19 వైపు చూస్తారు. మొదటి రోజే ఆయన అడిగిన మాట, "నీకే నెంబరు మిగల్చమంటావు?" అని. ఈ రెండేళ్లలో ఆ మాట ఆయన మర్చిపోలేదు.

శనివారం మేం చూసిన వాటిలో అందరూ ఎదురుచూసింది ఇంగ్లండ్, జర్మనీ మ్యాచ్. పెద్ద జట్లకి మామూలుగా ర్యాంకింగ్‌లో పైనున్న ఇద్దరే వస్తారు. ఇంగ్లండ్‌కి ప్రపంచంలో మొదటి ర్యాంకు ల్యూక్ హంఫ్రీస్, రెండో ర్యాంకు ల్యూక్ లిట్లర్. లిట్లర్ ఈ జనవరిలో పదిహేడేళ్లకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అంత చిన్నవయసులో అది ఇంకెవరూ గెలవలేదు. అవతల మార్టిన్ షిండ్లర్, రికార్డో పీట్రెచ్కో. 501 ఒకసారి సున్నాకి తెస్తే ఒక లెగ్ గెలిచినట్టు. ఎనిమిది లెగ్‌లు ముందు గెలిచినవాళ్లదే ఆ మ్యాచ్. జర్మనీ 8-4తో గెలిచింది.

ఆ హాల్లో చప్పుడు నీకెలా చెప్పాలి? మన భద్రకాళి గుడి దగ్గర బతుకమ్మ రాత్రి గుర్తుందా, పక్కనున్నవాళ్ల మాట కూడా వినపడదు. అలా ఉంది. నేను మాత్రం బోర్డుని తక్కువ చూశాను, మనుషుల్ని ఎక్కువ చూశాను. ఒకరు వేసి వెనక్కి వస్తుంటే రెండోవాళ్లు ముందుకి వెళ్తారు, మధ్యలో పిడికిళ్లు తాకించుకుంటారు. బాగా వేసినప్పుడు ఎవరైనా తాకిస్తారు. డబుల్ మూడుసార్లు తప్పి, తలవంచుకుని వచ్చేవాడికి కూడా చెయ్యి అలాగే ఎదురొస్తుంది. నా అంచనా ఏమిటంటే, ఇంగ్లండ్ ఇద్దరిలో ఎవరిని ఒంటరిగా నిలబెట్టినా ఆ రోజు ఓడించడం కష్టం. ఇద్దరు గొప్ప ఆటగాళ్లు ఉంటే జోడీ అయిపోదు.

ఇదే హాల్లో 2017లో సింగపూర్ జట్టు మొదటి రౌండ్‌లోనే స్కాట్లాండ్‌ని 5-2తో ఓడించిందట. స్కాట్లాండ్ అప్పుడు టాప్ సీడ్, అంటే అన్నిటికన్నా పై ర్యాంకు జట్టు, గ్యారీ ఆండర్సన్, పీటర్ రైట్ జోడీ. సింగపూర్ తరఫున ఆడిన పాల్ లిమ్‌కి అప్పటికి అరవై మూడేళ్లు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో తొమ్మిదే బాణాలతో 501 పూర్తి చేసిన మొదటి మనిషి ఆయనే, 1990లో. అంతకన్నా తక్కువ బాణాలతో ఎవరికీ సాధ్యం కాదు. ఈ కథ చెప్పేటప్పుడు మా బెల్‌ఫాస్ట్ ఆయన గొంతు మారిపోయింది.

ఆదివారం ఫైనల్ ఆయన ఇంట్లో టీవీలో చూశాం. ఒకవైపు ఆయన సొంత జట్టే, బెల్‌ఫాస్ట్ ఉన్న ఉత్తర ఐర్లాండ్. జాష్ రాక్‌కి ఇరవై నాలుగేళ్లు, డారిల్ గర్నీకి ముప్పై తొమ్మిది. అవతల వేల్స్, రెండుసార్లు కప్పు గెలిచిన గెర్విన్ ప్రైస్, జానీ క్లేటన్. ఫైనల్లో పది లెగ్‌లు గెలవాలి. 9-9 దాకా వచ్చింది. ఆ టెన్షన్‌కి ఆయన భార్య వంటింట్లోకి వెళ్లిపోయారు. 10-9. ఉత్తర ఐర్లాండ్‌కి ఇదే మొదటి కప్పు. ఆయన లేచి నిలబడి ఏమీ అనకుండా నా భుజం పట్టుకున్నారు.

అక్కా, అసలు రాయాలనుకున్నది ఇప్పుడు రాస్తున్నా. 2004 వేసవిలో మన వీధి క్యారమ్స్ ఫైనల్ గుర్తుందా? నువ్వూ నేనూ జోడీ. నువ్వు రెడ్డు వేశావు, ఫాలో పడలేదు. రెడ్డు మళ్లీ మధ్యలోకి వచ్చింది. మనకి ఇంకా అవకాశం ఉంది. నేను మాత్రం అందరి ముందూ నీ మీద అరిచి, బోర్డు దగ్గర్నుంచి లేచి వెళ్లిపోయాను. నాకు పన్నెండేళ్లు, నీకు పదహారు. నువ్వు ఒక్క మాట అనలేదు. ఒక్కదానివే కూర్చుని కాయిన్లు ఏరి, అమ్మ చీర కొంగుతో పౌడరు తుడుస్తుంటే బోర్డు పట్టుకున్నావు. ఆ తర్వాత నువ్వు మళ్లీ క్యారమ్స్ ఆడగా నేను చూడలేదు. చదువు, తర్వాత పెళ్లి, అందుకే ఆడలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను. శనివారం ఆ హాల్లో, తప్పి వచ్చినవాడికి ఎదురొచ్చిన చెయ్యి చూసినప్పుడు, అందుకు కాదని అర్థమైంది.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఎడమ చేతి మూలకి కొట్టడం నాకు బాగా వచ్చేది. ఆ టోర్నమెంట్ అంతా నువ్వు మన కాయిన్లు ఆ మూలకే చేరుస్తూ వచ్చావు. అది నేను అప్పుడు గమనించలేదు. నీకు ఏ మూల ఇష్టమో నేను ఒక్కసారి కూడా అడగలేదు. తప్పు నాదే అక్కా. ఇరవై ఒక్క ఏళ్లు ఆలస్యంగా చెబుతున్నాను.

డిసెంబరులో మూడు వారాలు వస్తున్నాను. బోర్డు అటక మీదే ఉందా, లేక నాన్న ఎవరికైనా ఇచ్చేశారా? ఉంటే బావగారితో దింపించు. చెక్క ఉబ్బిందేమో ఒకసారి చూడమను, జాలీలు చిరిగితే కొత్తవి నేనే కడతాను. బోరిక్ పౌడరు మాత్రం ఇప్పుడే కొనకండి, గడ్డ కడుతుంది. వచ్చాక నేను తెస్తాను.

నీకు ఏ మూల ఇష్టమో ఉత్తరంలో రాయి.

నీ తమ్ముడు