విరామం దాచకండి, తేదీలు సరిచూసుకోండి

సంపాదకులకు,

పిల్లల పెంపకం కోసమో, పెద్దల అనారోగ్యం వల్లో కొన్నేళ్లు ఉద్యోగం మానేసి, విశాఖలోని మధురవాడ, రుషికొండ కంపెనీల ఇంటర్వ్యూలకు మళ్లీ వెళ్లేవారు ముందుగా పీఎఫ్ పోర్టల్‌లో సర్వీస్ హిస్టరీ (ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారన్న వివరాలు) చూసుకోవాలి. రెజ్యూమెలోని తేదీలు దానితో కలవకపోతే ఎంపికయ్యాక కూడా ఆఫర్ ఆగిపోవచ్చు. పాత సంస్థ మీరు మానేసిన తేదీ నమోదు చేయలేదా? చివరి పీఎఫ్ చందా జమై రెండు నెలలు దాటాక యూఏఎన్‌తో (మీ పీఎఫ్ గుర్తింపు నంబరుతో) ఆ పోర్టల్‌లో మీరే నమోదు చేసుకోవచ్చు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవారు ఆధార్, పాన్, సర్టిఫికెట్లలో పేర్లు పోల్చుకోవడం మరీ ముఖ్యం.

విరామం గురించి అడిగితే రెండు వాక్యాలు చాలు: ఎందుకు ఆగారు, ఈమధ్య ఏం నేర్చుకున్నారు. సంజాయిషీ సాగేకొద్దీ అనుమానమే పెరుగుతుంది. జవాబులు పైకి చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసి వినండి. నిమిషంన్నర దాటితే కుదించండి.

— కొందరు ఉద్యోగ శిక్షకులు, విశాఖపట్నం