ఫిట్‌నెస్ పరీక్ష ఆ ఒక్క రోజుకేనా?

సంపాదకుడు గారికి,

లారీలు, బస్సులకు ఫిట్‌నెస్ ఇచ్చే పని బ్రేకు ఇన్‌స్పెక్టర్ల చేతుల్లోంచి, మెషిన్లతో పరీక్షించే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు మారుతోంది. ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి బ్రేకు పని చేస్తున్నవాడిగా నాకిందులో అభ్యంతరం లేదు. ఇదివరకు బండిని నాలుగడుగులు నడిపించి, ఒక బ్రేకు వేయించి సంతకం పెట్టేసిన సందర్భాలు కోకొల్లలు. ఇప్పుడు బండి రోలర్ల మీదికెక్కితే ఏ చక్రానికి ఎంత బ్రేకు పడుతోందో అంకెల్లో వస్తుంది. మెషిన్‌కి మొహమాటం ఉండదు కదా.

కానీ మెషిన్‌కి తెలిసేది ఆ రోజు సంగతే. తేదీ దగ్గరపడేసరికి మా షెడ్లకు బండ్లు వరసకడతాయి. బ్రేకు వేసినప్పుడు డ్రమ్ముకు రాసుకుని అరిగే లైనర్లు మార్చి, ఆ అరుగుదలతో పెరిగిన ఖాళీని సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు బిగించమంటారు. ముందు చక్రాలకు వేరే బండి టైర్లు ఎక్కుతాయి. మంటలార్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె అప్పటికప్పుడు ప్రత్యక్షమవుతాయి. సర్టిఫికెట్ చేతికొచ్చిన సాయంత్రమే ఆ టైర్లు దిగిపోయి, దారాలు తేలిన పాతవి మళ్లీ ఎక్కుతాయి. అందరూ ఇలా చేస్తారని అనను. చేసేవాళ్లు మాత్రం తక్కువేమీ కాదు.

పైగా 2018లో మారిన నిబంధన ప్రకారం ఎనిమిదేళ్లలోపు రవాణా వాహనాలకు పరీక్ష రెండేళ్లకోసారే. ఘాట్‌రోడ్లలో సరుకు మోసే లారీకి లైనర్లు రెండేళ్లు ఎక్కడ ఆగుతాయి? కర్నూలు దగ్గర 2025 అక్టోబరు 24న కాలిపోయిన ప్రైవేటు బస్సుకు కూడా కాగితాల మీద ఫిట్‌నెస్ ఉంది. సీట్ల బస్సును స్లీపర్‌గా మార్చారని ఆ తర్వాత పత్రికల్లో చదివాం. అంత పెద్ద మార్పు అన్నాళ్లూ రోడ్డు మీద ఎవరి కంటా పడలేదా?

ఇక ఫీజులు. 2025 నవంబరులో కేంద్రం 20 ఏళ్లు దాటిన లారీకి రుసుమును 2,500 నుంచి ఏకంగా 25,000 రూపాయలు చేసింది. పాత బండ్లను తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఒక్క లారీ మీద బతికే ఓనరు ఆ పాతిక వేలు ఎక్కడ మిగుల్చుకుంటాడు? మా షెడ్డు దగ్గరే! లైనర్లు ఇంకో రెండు నెలలు లాగించమంటాడు. వయసును బట్టి కాకుండా బండి స్థితిని బట్టి వడ్డిస్తే అర్థముండేది.

కొత్త చట్టమేదీ అక్కర్లేదు. నిబంధనలకు తగ్గట్టు లేని బండి ఫిట్‌నెస్‌ను, కారణం రాసి, ఎప్పుడైనా రద్దు చేసే అధికారం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 56(4)లోనే ఉంది. ఆఫీసులో పరీక్షల భారం తగ్గిన ఇన్‌స్పెక్టర్లను టోల్‌ప్లాజాల దగ్గర, ట్రావెల్స్ బస్సులు ఆగే చోట నిలబెట్టండి. కాగితం చూసి పంపేయకుండా టైరు మీద చెయ్యిపెట్టి, అత్యవసర ద్వారం తీయించి చూడమనండి. స్కూలు బస్సులను బడులు తెరిచే జూన్‌లోనే కాకుండా దసరా సెలవుల తర్వాత కూడా ఒకసారి తనిఖీ చేయాలి. ప్రతి నెలా జిల్లాలో ఎన్ని సర్టిఫికెట్లు ఇచ్చారో, రోడ్డు మీద పట్టుకుని ఎన్ని రద్దు చేశారో రవాణా శాఖ పక్కపక్కనే ప్రకటించాలి.

– ఒక బ్రేకు మెకానిక్, ఆటోనగర్, విజయవాడ