ప్రసవంతో ఆగిపోకూడని లెక్క

సంపాదకులకు,

ఇరవై ఏళ్లయినా నిండని అమ్మాయి కడుపుతో ఉండి సిగరెట్ తాగుతోందంటే వినేవారికి ముందు వచ్చేది కోపమే. ఆ కోపం తెలుసు కాబట్టే ఆ అమ్మాయి నర్సు అడిగినప్పుడు ‘మానేశాను’ అంటుంది. పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి చిన్న యంత్రపు గొట్టంలోకి ఊదితే, సిగరెట్ పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఆమె ఊపిరిలో ఎంత ఉందో అంకెల్లో కనబడుతుంది; ఆ అంకె చూసి తలదించుకున్న పిల్లను పక్కనే నిలబడిన తల్లి కసిరితే ఆమె మరోసారి పరీక్షకు రాదు.

హాని గురించి వివాదం లేదు. సిగరెట్‌కు బానిసను చేసే నికోటిన్, గర్భంలో బిడ్డకు పోషణ అందించే మాయను దాటి బిడ్డకు చేరుతుంది, కార్బన్ మోనాక్సైడ్ బిడ్డకు అందాల్సిన ప్రాణవాయువును తగ్గిస్తుంది. పొగతాగే తల్లులకు తక్కువ బరువు పిల్లలు ఎక్కువగా పుడుతున్నారని 1957లోనే గుర్తించారు. చిక్కంతా మాన్పించడంలోనే ఉంది. గర్భిణి శరీరం నికోటిన్‌ను మామూలు కంటే వేగంగా ఖర్చు చేస్తుంది. 2012లో ఫలితాలు వెలువడిన ఇంగ్లండ్ పరిశోధనలో వెయ్యిమందికి పైగా గర్భిణులపై సిగరెట్ మానడానికి చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీలను పరీక్షిస్తే, మానినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు, చాలామంది నెల తిరగకుండానే పట్టీలు మానేశారు. స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 612 మంది గర్భిణులపై జరిపిన మరో పరిశోధనలో, మామూలు సలహాలతో పాటు మానితే షాపింగ్ వోచర్లు కూడా దక్కుతాయని తెలిసిన వారిలో 22.5 శాతం, సలహాలు మాత్రమే అందిన వారిలో 8.6 శాతం మానేశారు. డబ్బిచ్చి మాన్పించడమేమిటని ముఖం చిట్లించేవారు ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

అయితే ఇవి ప్రత్యేకించి టీనేజీ తల్లుల కోసం చేసినవి కావు. పద్నాలుగు నుంచి పంతొమ్మిదేళ్ల గర్భిణులతో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. సిగరెట్ ముట్టని ఈడుపిల్లను తోడుగా ఇచ్చి బోధించినప్పుడు మొదట్లో ఫలితం బాగానే కనిపించింది, ఏడాది తిరిగేసరికి ఆ తేడా నిలవలేదు. నాకు అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. కడుపులో బిడ్డ ఉన్నంత కాలం మానడానికి ఒక కారణం ఉంటుంది; కాన్పు తరువాత నిద్రలేని రాత్రులు, ఇంట్లో భర్తో, తల్లో వెలిగించే సిగరెట్, పాత స్నేహాలు మిగులుతాయి. వైద్యుల దృష్టి పూర్తిగా బిడ్డ మీదికి మళ్లుతుంది. ఇంట్లో పొగ వల్ల పసికందులకు నిద్రలోనే ఆకస్మిక మరణం ముప్పు పెరుగుతుందని తెలిసినా, తల్లిని అడిగేవారుండరు.

కాబట్టి ఇకమీదట ఈ పరిశోధనలకు నిధులిచ్చేవారు ప్రసవం దాకా మానారా అని కాక, బిడ్డ మొదటి పుట్టినరోజుకు మానే ఉన్నారా అని లెక్క అడగాలి. టీకా కోసం బిడ్డను తీసుకొచ్చిన రోజున, ఇంటివారిని కాసేపు బయట కూర్చోబెట్టి, ఆ పిల్లతల్లిని కూడా ఒకసారి గొట్టంలోకి ఊదమనాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు