అలవాట్ల పట్టికలో వారం గడి పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో కొత్త అలవాటు నేర్చుకునేవాళ్ల కోసం ఒక పట్టిక వేశారు. ముప్ఫయి గడులు, రోజుకో టిక్కు. పట్టిక బాగుంది, కత్తిరించి మా ఫ్రిజ్ మీద అంటించుకున్నాం. కానీ దాని కింద, ఒక్క రోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలని రాశారు. ఆ వాక్యం తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను నల్లగొండలో ఆర్టీసీ కండక్టర్ని. ఒక వారం తెల్లవారుజామున మొదటి బస్సు, ఇంకో వారం పొద్దుపోయేదాకా డ్యూటీ. చెర్వుగట్టు జాతరకు స్పెషల్ బస్సులుంటాయి. పెళ్లిళ్ల రోజుల్లో బస్సులో కాలు పెట్టే సందుండదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక దేవరకొండ, హాలియా బస్సుల్లో జీరో టికెట్లు కొట్టడానికే చేతులు చాలవు. ఇంతమంది ఆడవాళ్లు ఊళ్లు తిరుగుతున్నారంటే నాకు సంతోషమే. అయితే నాకు ఏ రెండు రోజులూ ఒక్కలాగా ఉండవు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో హమాలీలకు, పత్తి ఏరే కూలీలకు, ఆస్పత్రుల్లో నర్సులకు కూడా ఉండవు. రోజుకో గడి అనేది పదింటికి ఆఫీసుకు పోయి అయిదింటికి ఇల్లు చేరేవాళ్లకే సరిపోతుంది.

నాకు ముగ్గులంటే ప్రాణం. బస్సులో పరిచయమైన ఆడవాళ్ల దగ్గర అడిగి నేర్చుకుంటాను. హాలియా నుంచి వచ్చే ఒక పెద్దామె టికెట్ వెనక పెన్నుతో చుక్కలు పెట్టి, "గిట్ల మెలిక తిప్పు బిడ్డా" అని చూపించింది. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా సందు చుక్క. ఇంటికి పోయాక నోట్‌బుక్కులో వేసుకుని, కింద ఎవరు చూపించారో, ఏ ఊరో రాసుకుంటాను. తేదీ వేయను. సంక్రాంతి నెలలో పేజీలు చకచకా నిండుతాయి. జాతర డ్యూటీలు పడితే పుస్తకం బీరువాలోనే ఉంటుంది. మళ్లీ తీసినప్పుడు ఎన్ని రోజులు ఆగిందో చూడను, ఎన్ని ఊళ్ల ముగ్గులు చేరాయో చూసుకుంటాను. ఇదే నేను రాసుకునే లెక్క, ఇందులో నాకు ఏ టెన్షనూ లేదు.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఇంగ్లిష్ కోసం ఫోన్లో ఒక యాప్ పెట్టుకుంది. రోజూ పాఠం చేస్తే ఎన్ని రోజులుగా తప్పకుండా చేశారో అంకె చూపిస్తుంది. మొదట్లో ఇష్టంగానే చేసింది. రాను రాను పాఠం పక్కకుపోయి అంకె మిగిలింది. చుట్టాల పెళ్లిలో అందరూ భోజనాలకు కూర్చుంటే, పన్నెండు దాటితే అంకె పోతుందని ఫంక్షన్ హాలు బయట జనరేటర్ పక్కన నిలబడి, చేతికి వచ్చిన తేలిక పాఠమేదో నొక్కింది. తర్వాత జ్వరమొచ్చి రెండు రోజులు లేవలేదు. లేచి చూస్తే అంకె సున్నా. "పోయింది గదమ్మా, ఇంకెందుకు" అని యాప్ తీసేసింది. అంతకుముందు నేర్చుకున్న మాటలు ఎక్కడికీ పోలేదు. ఇప్పటికీ బస్టాండులో ఇంగ్లిష్ బోర్డులు చదివి నాకు అర్థం చెబుతుంది. ఆమెను ఆపింది జ్వరం కాదు, ఆ సున్నా. అందుకే నాకు మీ వాక్యం మీద అంత పట్టింపు.

ఒక్క రోజు తప్పితే అలవాటు పాడవుతుందన్నది నిజమూ కాదు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందిని 12 వారాలు గమనించారు. తిండి, తాగడం, వ్యాయామం వీటిలో చిన్న పని ఒకటి ఎంచుకుని రోజూ చేయమన్నారు. అది అలవాటుగా కుదరడానికి ఒకరికి 18 రోజులైతే ఇంకొకరికి 254 రోజుల దాకా పడుతుందని, మధ్యస్థంగా 66 రోజులని, ఆ 12 వారాల లెక్కను ముందుకు పొడిగించి అంచనా వేశారు. నడుమ ఒకసారి తప్పినా పెద్ద తేడా రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పిన వ్యాయామం లెక్క కూడా వారానికే: 150 నుంచి 300 నిమిషాలు. ఎన్‌జీ కాలేజీ గ్రౌండులో మూడు పొద్దులు యాభై నిమిషాల చొప్పున వేగంగా నడిస్తే 150 అయిపోతుంది. ఇక పదివేల అడుగులు పూర్తి కాలేదని రాత్రి హాల్లో చుట్లు తిరిగేవాళ్లకు ఒక మాట. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరుతో ప్రచారంలోకి వచ్చింది, డాక్టర్లు కొలిచి పెట్టింది కాదు.

మా అత్తమ్మ రామకోటి రాస్తుంది. పత్తి తీసే రోజుల్లో పుస్తకం ముట్టదు. పని తీరాక ఆగిన చోటు నుంచే రాస్తుంది, రాసిన నామాలన్నీ లెక్కలోనే ఉంటాయి. మా డ్రైవరన్నలు అయ్యప్ప మాల వేస్తారు, 41 రోజులు కఠినంగానే ఉంటారు. కానీ మాల తీసే రోజు ముందే తెలుసు, ఇంటిల్లిపాదీ దానికి తగ్గట్టు సర్దుకుంటారు. ఫోన్లో అంకెకు మాల తీసే రోజే లేదు.

బీపీ మాత్రలాంటి వాటికి రోజూ టిక్కు ఉండాల్సిందే, అక్కడ వారం లెక్క పనికిరాదు. నేను మాట్లాడేది ఇష్టంతో చేసుకునే పనుల గురించి.

పట్టిక మళ్లీ వేసేటప్పుడు ముప్ఫయి గడుల బదులు నాలుగు వారాల గడులు పెట్టండి. ఒక్కో గడిలో ఎన్నిసార్లు చేశామో, ఏం చేశామో రాసుకోవడానికి రెండు గీతల చోటు వదలండి. దసరా సెలవుల్లో పిల్లలకు రోజువారీ చదువు పట్టికలిచ్చి తల్లిదండ్రుల సంతకం అడిగే బడులకు కూడా ఇదే చెప్పండి. బతుకమ్మ ఆడే తొమ్మిది రోజుల్లో పిల్లలు పుస్తకం తెరవకపోతే తల్లి అబద్ధపు సంతకం పెట్టాల్సిన అవసరం ఉండదు.

ఇట్లు,
ఒక మహిళా కండక్టర్,
నల్లగొండ